పింకీ అని ఉన్నచోట

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండక్షరాల మాటను మూడక్షరాల మాటగా చదివాను, అంతే. చిన్నది కనుకనే ఎవరికీ చెప్పలేకపోయాను. విన్నవాళ్లు “ఇంతేనా” అంటారు. అంటే క్షమించేసినట్టే. ఆ క్షమ నాకు వద్దు. మీరైనా ఆ మాట అనకుండా చివరిదాకా వినండి.

నేను పెద్దగా బడికి వెళ్లినవాణ్ణి కాదు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు లెక్కపెడుతూ కూడికలు, వడ్డీలు, సగటులు నా అంతట నేనే నేర్చుకున్నాను. లెక్క తప్పడన్న పేరు మీద టెక్కలిలో ఒక అచ్చు దుకాణంలో పని దొరికింది. అక్కడ చిన్నపిల్లలకు నెలనెలా బొమ్మల పుస్తకం ఇచ్చే పథకం ఒకటి ఉండేది. ఏ బిడ్డ కోసం చందా కడితే కథలో ఆ బిడ్డే రాకుమారి, ఆ బిడ్డే వీరుడు. రంగుల పేజీలు బయటి ఊరి నుంచి వచ్చేవి. పేరు ఉండాల్సిన చోట్ల ఖాళీ ఉండేది. ఆ ఖాళీల్లో కంప్యూటర్‌తో పేరు వేసి, పుస్తకం కుట్టి ఇవ్వడం నా పని.

చందాలు కట్టేది టీచర్లు, బ్యాంకువాళ్లు. ఒక్క నూకాలు తప్ప. ఆమె మూలపేట వైపు నుంచి చేపలు తెచ్చి టెక్కలి వీధుల్లో అమ్మేది. భర్త గుజరాత్‌లో వేట పడవల మీద ఉండేవాడు. ఏదో టీచరమ్మ ఇంట్లో ఈ పుస్తకం చూసి, గంప మా దుకాణం మెట్ల మీద దించి లోపలికొచ్చింది. ఆమెకు అక్షరం రాదు. కూతురు బళ్లో చేరిందని మాత్రం మూడుసార్లు చెప్పింది.

పిల్ల పేరు అడిగాను. పెంటమ్మ అంది.

నేను నవ్వి ఉంటాను. ఆమె నవ్వలేదు. అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారట. దీన్ని పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. పక్కింటామె ఎత్తుకొస్తే, ఆమెకు తవుడిచ్చి కొనుక్కున్నారు. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు అటే పోవాలని.

“ఆ పేరే ఎయ్యాల బాబూ. ఆ పేరెట్టినాకే ఇది నాకు దక్కినాది.”

సరేనన్నాను. ఆ నెల కథలో రాకుమారి ఏనుగెక్కి ఊరేగుతుంది. నిగనిగలాడే కాగితం. దాని మీద పెంట అన్న మాటా? నాకు రోత పుట్టింది. పింకీ అని కొట్టాను. ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా. పైగా ఆ పిల్లకు ఉపకారం చేశాననుకున్నాను. ఖాళీ సరిపోలేదని తర్వాత నాకు నేనే చెప్పుకుని చూశాను. కుదరలేదు. అక్కడ నాలుగక్షరాలు పడతాయి. పెంటమ్మ మూడే.

కొన్నాళ్లకు నూకాలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నూనె రాసి బిగించిన రెండు జడలు, చేతిలో ఆ పుస్తకం.

“మా గుంట అప్పుడే పంతులమ్మైపోనాది బాబూ. ఇందులో తన పేరు నేదంటంది. పింకీ అట! ఎవులు బాబూ ఆ పింకీ, మీ మేనకోడలా?”

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పుస్తకం తీసుకుని పైకి చదివాను. “పెంటమ్మ ఏనుగెక్కింది. పెంటమ్మను చూసి ఊరంతా చప్పట్లు కొట్టింది.”

పిల్ల వేలు పెట్టి చూపించింది.

“కాదమ్మా. పకి గుడిస్తే పి, పక్కన సున్న, పిం. కకి గుడి దీర్ఘమిస్తే కీ. నా పేరుకి మకింద మావొత్తుండాల. ఏదీ, ఇక్కడ నేదు కదా?”

దాని లెక్కలో తప్పు లేదు. నూకాలు చెయ్యి లేచింది. చెంప మీద చప్పుడు విన్నాను.

“సదువొచ్చిన బాబు సదివినాడు గదే! ఆయన కన్నా నీకెక్కువ తెలుసేటి? నిన్న గాక మొన్న బళ్లో ఎట్టినాను, అప్పుడే అబద్దాలు నేర్సినావా?”

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట చాలు. బదులుగా నేనన్నది ఇది: “పోనీలే నూకాలూ, చిన్నపిల్ల. నేర్చుకుంటుంది.”

కొట్టిన చేతి కన్నా ఈ మాట నీచం. దయగా అన్నాను. గొంతులో తడి కూడా పెట్టాను.

పిల్ల ఏడవలేదు. పేజీ వంక చూసింది, అమ్మ వంక చూసింది. మళ్లీ అదే చోట వేలు పెట్టి, మెల్లగా, “పెంటమ్మ” అంది.

ఎందుకు నోరు విప్పలేదు? పేరు మార్చానని తెలిస్తే ఆ తల్లి బిడ్డ ప్రాణానికి భయపడుతుందని, అందుకే దాచానని చాలాకాలం నమ్మాను. అది కూడా అబద్ధమే. పదిమంది ముందు లెక్క తప్పినవాణ్ణి అవుతానని, యజమాని వింటాడని భయపడ్డాను. అంతకన్నా పెద్ద కారణం వెతికితే దొరకలేదు.

మరుసటి నెల నుంచి పెంటమ్మ అనే వేశాను. దిద్దుకున్నాననుకున్నాను. నిజానికి అబద్ధానికి ముద్ర వేశాను. నూకాలు వెలిగిపోతూ వచ్చింది. “ఇప్పుడు తిన్నగా సదువుతన్నాది బాబూ. ఆ దెబ్బతో బుద్దొచ్చినాది,” అంటూ గంపలోంచి రెండు చందువా చేపలు తీసి కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టింది. వద్దనలేదు. ఇంటికి తీసుకెళ్లాను. పులుసు పెట్టించుకుని తిన్నాను. బాగుంది. అడిగి రెండోసారి వడ్డించుకున్నాను. ఆ రుచి గుర్తొచ్చినప్పుడల్లా నా నోరంటే నాకే అసహ్యం వేస్తుంది. పెంట అన్న మాటకు వంకర తిరిగిన నోరు ఇదేనా?

చందా ముగిశాక వాళ్లు మళ్లీ రాలేదు. ఆ పిల్ల చదువుకుందో, మానేసిందో తెలియదు. తన కళ్లకు కనిపించిన దాన్ని పక్కనపెట్టి, చదువొచ్చిన బాబులు చెప్పిందే నిజమనుకుంటూ పెరిగిందా? ఎక్కడైనా కాగితం సరిగ్గా చదివి కూడా, తప్పేమోనని ఊరుకుందా? వెతుక్కుంటూ వెళ్లి అడగలేదు. వెళ్లడానికి దూరం అడ్డు కాదు. మూలపేటకు బస్సుంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పేజీలో పింకీ అని ఉంది. పిల్ల పింకీ అనే చదివింది. తప్పు చదివింది నేను.

రోత పోలేదు. పోతుందని రాయలేదు. ఇన్నేళ్లూ ఈ మూడు వాక్యాలూ నాలోపలే తిరిగాయి. ఇప్పుడు బయట ఉన్నాయి.