సముద్రం వైపు నడవని ఎడ్లు

మొన్న మా మునిమనవరాలు సైన్సు పుస్తకం పట్టుకుని నా మంచమెక్కింది. మర్నాడు దానికి పరీక్ష. "తాతమ్మా, తిమింగలం చేప కాదు, తెలుసా?" అంది, నన్ను ఆశ్చర్యపరుద్దామని. తెలుసన్నాను. అది మనలాగే గాలి పీలుస్తుందనీ, గుడ్లు పెట్టక పిల్లను కంటుందనీ, పాలిస్తుందనీ, డాల్ఫిన్లు కూడా ఆ కోవలోవేననీ చెబుతుంటే పుస్తకంలో వేలు పెట్టి సరిచూసుకుంది. ఎవరు చెప్పారని అడిగింది. నలభై ఆరులో మా టీచరమ్మ చెప్పిందన్నాను. మా ఇంట్లో నేను సంవత్సరం చెబితే ఎవరూ ఎదురు మాట్లాడరు. ఎవరు ఏ కార్తెలో పుట్టారో, పెరట్లో బావి ఏ ఏడు తవ్వారో అన్నీ నన్నే అడుగుతారు. ఒక్కసారి మా చిన్నకోడలు తన పెళ్ళి తేదీ నేను తప్పు చెప్పానని వాదించి, శుభలేఖ తెచ్చి చూసి, కాఫీ పెట్టి ఇచ్చింది.

మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. ఊరి చివర మిషన్ వాళ్ళ బడి ఉండేది. అయిదో తరగతికి నరసరావుపేట నుంచి వచ్చిన టీచరమ్మ చెప్పేది. సన్నగా, తెల్లచీరలో, ఎప్పుడూ చేతికి సుద్ద అంటుకుని ఉండేది. ఒకరోజు తిమింగలం బొమ్మ వేస్తానని మొదలుపెట్టింది. తల నల్లబల్ల మీద ఉండగానే పొట్ట అంచుకొచ్చింది. ఆమె ఆగలేదు, తోకను గోడ మీదికి లాక్కెళ్ళింది. మేమందరం చప్పట్లు కొట్టాం. సముద్రం చూసిన పిల్లలు మాలో ఇద్దరో ముగ్గురో. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, గేదె పాలు పితుకుతున్న మా నాయనమ్మకు పాఠమంతా అప్పజెప్పాను. ఆమె పితకడం ఆపకుండానే నవ్వింది. "నీళ్ళల్లో పాలు తాగుద్దా? ఆ ఉప్పునీళ్ళకి ఇరిగిపోవటే? మీ టీచరమ్మ ఎప్పుడన్నా చెంబెడు పాలు పితికిందా అసలు?" అంది. మర్నాడు టీచరమ్మను అడుగుదామనుకున్నాను. ఆమెకూ తెలియదేమోనని భయపడి, అడగలేదు.

మాఘ పౌర్ణమికి మా ఊరి వాళ్ళు సముద్రస్నానానికి చీరాల వైపు బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. పుణ్యం ఒకటే కాదు. రెండు వారాల్లో శివరాత్రి, కోటప్పకొండకు మా ఊరి ప్రభ వెళ్ళాలి. బండి మీద వెదురుతో కట్టే తాటిచెట్టంత ప్రభ ఒరగకుండా నాలుగు పక్కలా పట్టుకోవడానికి కొబ్బరిపీచు మోకులు కావాలి, అవి ఆ పక్కే మంచివి దొరుకుతాయి. ఆ కొనుగోలు మా పెదనాన్నది. నాయనమ్మకు పెద్దకొడుకు, ఊరి ప్రభను ఏటా కొండ దాకా కదిలించే మనిషి. ఎన్ని జతల ఎడ్లను ఏ వరసలో కట్టాలో ఆయనకే తెలుసు. ఆయన కదిలించలేనిది ఏదన్నా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఆ ఏడు ఆరు బళ్ళు వెళ్ళాయి. దారంతా నాయనమ్మ పక్కన గడ్డి మీద పడుకుని వెళ్ళాను. మూడోనాడు పొద్దున ఇసుక దిబ్బ దిగేసరికి, స్నానాలు చేయాల్సిన జనం ఒకచోట గుమిగూడి ఉన్నారు.

రాత్రి పోటుకు ఒడ్డెక్కిందట. నీళ్ళు వెనక్కి వెళ్ళాక ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. తోక కొస ఒక్కటే ఇంకా నీళ్ళలో ఉంది. టీచరమ్మ వేసిన దానికంటే నల్లగా, చెక్కిళ్ళు లేని ముసలిదాని మొహంలా ఉంది. కన్ను మాత్రం చిన్నది, తడిగా, మా గేదె కన్నులా ఉంది. ఉన్నట్టుండి తలమీద రంధ్రంలోంచి బుస్సుమని ఊపిరి వదిలింది. జనం వెనక్కి దూకారు. నేను దూకలేదు. అది ఊపిరేనని నాకు తెలుసు. దూరంగా అలల అవతల అలాంటిదే చిన్న బుస్సు వినిపించింది. చిన్న వీపు ఒకటి పైకి తేలి మునిగింది. నాయనమ్మ దాని పొట్ట కింద తోక వైపు వంగి చూసింది. అక్కడి చీలికలోంచి తెల్లగా కారుతున్నదాన్ని వేలితో తీసి, బొటనవేలితో రాసి, వాసన చూసింది. జున్నుపాల కన్నా చిక్కగా ఉంది. అలల నీళ్ళు తగిలినా విరగలేదు. ఒకసారి నా వైపు చూసింది. కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ పెద్దోడా, ఇది బాలింతరా. బిడ్డ అక్కడ ఏడుస్తా ఉంది. దీన్ని నీళ్ళల్లోకి పంపు."

పెదనాన్న చుట్టూ తిరిగి చూశాడు. జాలరులను అడిగితే, తమ పడవలు దాన్ని లాగలేవని, సాయంత్రం పోటు దాకా బతికితే సముద్రమే తీసుకుపోతుందేమోనని అన్నారు. "అందాకా ఉంటదా? ఆరు జతలున్నయ్యి, నిన్న కొన్న కొత్త మోకులున్నయ్యి, ఇంకేం కావాలి?" అన్నాడు పెదనాన్న. నేను లెక్క కట్టబోయాను. జత ఎడ్లు ఎంత లాగుతాయో నాకు తెలుసు. తిమింగలం బరువు ఎంతో అక్కడ ఎవరికీ తెలియదు. లెక్క అక్కడే ఆగిపోయింది. తోకకు గోతాలు చుట్టి, మీద మోకు వేశారు. ఎడ్లను వరసగా సముద్రం వైపు కట్టారు. మొదటి జత నాలుగు అడుగులు వేసింది. అల వచ్చి మోకాళ్ళకు తగలగానే నిలబడిపోయింది. అదిలించారు, తోకలు మెలేశారు. కదలవు. అవి మా మెరక పొలాల ఎడ్లు, కదిలి మీదికొచ్చే నీళ్ళను ఎన్నడూ చూడలేదు. అప్పుడు ఎవరో అన్నారు: "డప్పు లేందే అయ్యెట్టా కదులుతయ్యి మావా? ప్రభకాడ డప్పులుంటయ్యిగా!"

అది అందరికీ నిజమనిపించింది. ఇత్తడి బిందెలు, కిరసనాయిలు డబ్బాలు, చేతికి దొరికినదల్లా తీసుకుని ప్రభ దరువు వాయించారు. నేనూ ఒక చెంబు వాయించాను. ఎడ్లకు ప్రాణం లేచి వచ్చింది. చెవులు రిక్కించాయి, మెడలు వంచాయి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి, కొండ అటేనన్నట్టు, మెరక వైపు లాగాయి. అంత బలంగా అవి శివరాత్రికి కూడా లాగి ఉండవు. "ఆపండ్రా, ఆపండి!" అని పెదనాన్న అరుస్తున్నాడు. దరువులో ఎవరికీ వినబడలేదు. మోకు తెంచేసేసరికి, అప్పటిదాకా నీళ్ళలో ఉన్న తోక కూడా గిర్రున తిరిగి పొడి ఇసుక మీద పడి ఉంది. బిందెలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. పెదనాన్న తెగిన మోకు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.  నాయనమ్మ ఒక బిందె అందుకుని నీళ్ళ వైపు నడిచింది.

ఆ తర్వాత చేయగలిగింది ఒక్కటే, చేశాం. బిందెలతో నీళ్ళు తెచ్చి పోశాం. ఒళ్ళు ఆరితే పగులుతుందని, తల మీది రంధ్రంలో నీళ్ళు పడకూడదని నేనే చెప్పాను. పెద్దవాళ్ళు నా మాట విన్నారు. టీచరమ్మ పాఠంలో ప్రతి ముక్కా నాకు వచ్చు. దాన్ని బతికించడం ఎలాగో ఆ పాఠంలో లేదు. నాయనమ్మ తడి గోతం పరిచి, దాని కన్ను పక్కన కూర్చుని, ఈనలేక పడిపోయిన గేదెతో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఓర్చుకో తల్లీ, పోటొస్తది, ఓర్చుకో." పోటు వచ్చింది. ముందు ఉన్నచోటైతే ఒళ్ళు సగం మునిగేది. ఇప్పుడు తోక దాకా వచ్చి, తాకి, వెళ్ళిపోయింది. పొద్దు వాలుతుండగా బుస్సుకూ బుస్సుకూ మధ్య ఎడం పెరిగి, ఇక రాలేదు. అలల అవతల చిన్న బుస్సు ఇంకా వినిపిస్తూనే ఉంది, ఒడ్డుకు రాకుండా, లోపలికి పోకుండా. ఆ ఏడు మా బళ్ళలో ఎవరూ స్నానం చేయలేదు.

ఊరికొచ్చిన మర్నాడు నాయనమ్మ నా వెంట బడికి వచ్చింది. మిషన్ వాళ్ళ వైపు ఎన్నడూ అడుగు పెట్టని మనిషి, గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, ఆ పిల్ల ఎన్నాళ్ళు పాలు తాగుద్ది?" అని అడిగింది. ఏడాది దాకా అని చదివినట్టు గుర్తు, అంది టీచరమ్మ. "తల్లి లేకపోతే ఇంకో ఆడది ఇస్తదా? మా గేదెలైతే తన్నుతయ్యి." టీచరమ్మ సుద్ద అంటిన వేళ్ళు చూసుకుంది. "తెలియదు పెద్దమ్మగారూ" అంది. "నీకూ తెలియదూ" అని, కోపం లేకుండా, నాయనమ్మ వెనక్కి తిరిగింది. గోడ మీది తోక ఇంకా చెరగలేదు. వెళ్తూ వెళ్తూ ఒకసారి దాన్ని చేత్తో తాకింది.

నిన్న మునిమనవరాలు పరీక్ష బాగా రాశానంటూ వచ్చింది. కొన్ని రకాల తిమింగలాలు తొంభై ఏళ్ళు కూడా బతుకుతాయని వాళ్ళ టీచరు చెప్పిందట. అది ఆడుకోవడానికి వెళ్ళాక నేను మనసులో తీసివేత వేసుకున్నాను. ఆ తిమింగలం పిల్ల బతికి ఉంటే దానికిప్పుడు నాకంటే పదేళ్ళు తక్కువ. అదీ ముసలిదై ఉంటుంది. మళ్ళీ వేసి చూశాను, తప్పు లేదు. ఇన్నేళ్ళ కాలం వచ్చి వెళ్ళింది గానీ, ఆ లెక్క మొదట్లో ఉన్న "బతికి ఉంటే" మాత్రం అక్కడే ఉంది, ఒడ్డుకు రాకుండా, లోపలికి పోకుండా.