నల్ల డబ్బకు దసరా బొట్టు

సిరీ, చిన్నోడా, ఇద్దరు ఫోన్ కాడ దగ్గర దగ్గర కూసోండ్రి. టీవీ జర బంద్ చేయుండ్రి, నాకు గట్టిగ మాట్లాడరాదు. మొన్న అడిగిన్రు గదా, "అమ్మమ్మా, నువ్వెన్నడన్న తప్పు చేసినవా?" అని. చేసిన బిడ్డా. ఆషామాషీ తప్పు కాదు. గా తప్పు దిద్దుకోకపోతే మీ ఇద్దరు పుట్టకనే పోదురు. నవ్వకుండ్రి, ముందుగాల ఇనుండ్రి.

గప్పటికి మీ అమ్మ లావణ్యకు పెండ్లి కాలే. మనం నేతోళ్లం. మీ తాత గీ హుజూరాబాద్‌లనే పవర్‌లూమ్ మీద బట్ట నేసేటోడు, మీ అమ్మ కంప్యూటర్ మీద చీర అంచులకు డిజైన్లు గీసేది. నెమళ్లు, తామరలు, మామిడి పిందెలు, రెండేండ్ల కష్టం. అదంతా అరచేయంత నల్ల డబ్బల దాసుకున్నది. హార్డ్ డిస్క్ అంటరట. తీగతోని కంప్యూటర్‌కు పెడితే లోపలిదంతా తెరమీద కనబడుతది. సూరత్ బట్టల కంపెనోళ్లు కరీంనగర్ వస్తుండ్రు, డిజైన్లు నచ్చితే మీ అమ్మకు నౌకరి. ఎన్నడు? దసరా పోయిన రెండో రోజు.

దసరా నాడు మనింట్ల మగ్గానికి, కుట్టు మిషన్‌కు, కత్తిపీటకు, ఆఖరికి తాత సైకిల్‌కు సుత బొట్టు పెడుతం గదా. గంధం గిన్నె పట్టుకొని ఇల్లంత తిరుగుతున్న. టేబుల్ మీద నల్ల డబ్బ ఒక్కతే బోడి మొఖంతోని కూసున్నది. పాపం, రేపు బిడ్డకు అన్నం పెట్టేది, దీన్నెట్ల ఇడుస్తం? కని బొట్టు ఏడ పెట్టాలె? బీరువాకు తాళంచెవి కాడ పెడుతం, కుట్టు మిషన్‌కు సూది కాడ పెడుతం. దీనికి ముక్కు లేదు, చెవి లేదు. తిప్పి తిప్పి చూస్తే అంచుకు సన్నటి బెజ్జం. "గిదే మొఖం" అనుకున్న. తడి గంధం, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ, బొటనవేలుతోని మంచిగ ఒత్తిన. ఎలుక బొరియ సుత ఎవలు అంత గట్టిగ పూడ్వరు.

తెల్లారి మరకలు చూసి బిడ్డ తిడుతదని కొంగుతోని పైపైన తుడిచిన. పైన సాఫ్. లోపల ఏమున్నదో దేవునికే ఎరుక.

పొద్దుగాల్నే మీ అమ్మ తీగ పెట్టింది.

"అవ్వా! డిస్క్ తీసుకుంటలేదు!"

"ఏమైందే?"

"లైటు వెలుగుతుంది, ఆరుతుంది. గిదెవలో నాకు తెల్వదంటుంది కంప్యూటర్."

"నాలుగొద్దులాయె నువ్వు పెట్టక. మరిచిపోయిందేమో. జర సేపు ఆగు."

"అది నీ మ్యానత్త గాదవ్వా, మరిచిపోనీకి!"

పీకింది, పెట్టింది. ఇంకో సందుల పెట్టింది. తీగ మార్చింది. కంప్యూటర్ బంద్ చేసి మళ్ల షురూ చేసింది. పక్కింటోళ్ల కంప్యూటర్‌కు తీస్కపోయి పెట్టింది. ఏడ పెట్టినా గదే పాట. ఆఖరికి మనింట్ల ఒక్కపారి టింగుమన్నది. అందరం ఉరికినం. తెరమీద ఏందో రాసొచ్చింది.

"ఫార్మాట్ చెయ్యమంటవా అని అడుగుతుంది" అన్నది మీ అమ్మ, మొఖం తెల్లగైంది.

మీ తాత మర్యాదస్తుడు. "అంత మంచిగ అడుగుతుంటె ఒద్దంటమా? అవునను" అని వేలు చాపిండు.

"బాపూ! ముట్టకు! నొక్కితే ఒక్క నెమలి మిగలది!"

తాత వేలు కాలినట్టు గుంజుకున్నడు. గా వేలును ఇప్పటికి అనుమానంగనే చూసుకుంటడు.

మీ అమ్మ మూలకు కూసొని ఏడుస్తుంది. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటరు లోకంల. నేను చేతులు కాలినంక పొయ్యిల ఇంకో కట్టె పెట్టిన. ఏం చేసిన్నో ఎరుకేనా? "నిన్న పూజల ఏదో లోటైంది, కొబ్బరికాయ గూడ కొట్టలే" అనుకొని, ఎవలు చూడకుండ డబ్బను దేవునర్రకు తీస్కపోయి, గదే బెజ్జానికి ఇంకో బొట్టు పెట్టి, మొక్కి, తుడిచి, పిల్లి లెక్క తెచ్చి టేబుల్ మీద పెట్టిన.

ఇగ లైటు సుత వెలుగలే.

రేపే కరీంనగర్. డబ్బను రుమాల్ల కట్టుకొని బజార్ల ఖాజా భాయ్ షాపుకు పోయినం. కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేస్తడు, నిదానం మనిషి. కంటికి అద్దం పెట్టుకొని, బెజ్జంలకు బ్యాటరీ లైటు కొట్టి చూసిండు. చూసి, వాసన చూసిండు.

"అమ్మా, ఇది బీమారి కాదు."

"మరేంది భాయ్?"

"పండుగ." సూదితోని గీకితే పచ్చగ, ఎర్రగ పొడి రాలింది. "గిండ్ల ఒక పొర కాదు, రెండు పొరలున్నయ్. మీదిది ఇంకా పచ్చిగనే ఉన్నది. ఎవలు పెట్టిన్రు?"

మీ అమ్మ మెల్లగ నా దిక్కు తిరిగింది.

"అవ్వా."

గా ఒక్క మాటనే. నేను గోడకున్న క్యాలెండర్ చదువుతున్న.

"రెండోది ఎప్పుడు పెట్టినవ్?"

"నువ్వు ఏడుస్తుంటె పానం ఆగలే బిడ్డా..."

"ఫార్మాట్ గిట్ల నొక్కిన్రా?" అన్నడు ఖాజా భాయ్.

"లేదు భాయ్!"

"అల్లా మెహర్బానీ. మరి ఫికర్ చేయకుండ్రి." సన్న బ్రష్‌తోని దులిపిండు, ఏదో మందు నీళ్లతోని కడిగిండు, ఆరేదాక మాకు చాయ్ తాపిండు. గంత పొడుగు చాయ్ నేను జన్మల తాగలే. తీగ పెట్టిండు. నీలం లైటు వెలిగింది. ఆరలే. తెరమీద నెమళ్లు, తామరలు, మామిడి పిందెలు వరసవెట్టి వచ్చినయ్. మీ అమ్మ నన్ను పట్టుకొని ఏడుస్తుంది, నవ్వుతుంది. నా రొమ్ము మీదికెల్లి మగ్గం దించినట్టయింది.

"అన్నీ ఇంకో డబ్బల సుత పెట్టుకో బేటీ" అని ఆన్నే కూసోవెట్టి కాపీ చేపిచ్చిండు. "రెండోదాన్ని మీ అవ్వకు చూపెట్టకు."

నౌకరి వచ్చింది. సూరత్ పోయింది. పక్క టేబుల్ కాడ రంగులు కలిపే మీ నాయిన దొరికిండు. తర్వాత మీరు. గందుకే అంటున్న, మీ ఇద్దరు గా బెజ్జంల గంధం కింద ఒకపూట చిక్కుకున్నోళ్లే.

గా దినం ఇంటికొచ్చి, మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్న. ఇగ ఈ జన్మల బెజ్జమున్న ఏ వస్తువుకు బొట్టు పెట్టను. కరెంటుతోని బతికేదానికి దూరంకెల్లే దండం. ఇప్పటిదాక ఒట్టు తప్పలే.

కని ఖాజా భాయ్‌కు నమ్మకం లేదు బిడ్డా. ప్రతి దసరాకు జమ్మి ఆకు ఇయ్యనీకి పోతనా, నన్ను ఆమడ దూరంల చూసి షాపుల సామానంత దుప్పటి కప్పుతడు. "అమ్మా, జమ్మి చేతుల పెట్టు చాలు. గంధం గిన్నె బయట పెట్టి లోపలికి రా" అంటడు.