ఆవిడ పాతిన పదకొండో జెండా

పలాసలో దిగేసరికి మధ్యాహ్నం రెండూ పది. ఉప్పుగాలి, ఉక్క. పదహారేళ్ళ సర్వీసులో సొంత ఉద్దానానికి డ్యూటీ మీద రావడం అదొక్కసారే. పది రోజులు. మన సైన్యం, రష్యా సైన్యం కలిసి పెట్టుకున్న శిబిరం. తొమ్మిదో రోజు ఓరియంటీరింగ్ పందెం. మ్యాపు, దిక్సూచి పట్టుకుని, తోటల్లో అక్కడక్కడా పాతిన జెండాలను వరసగా వెతుక్కుంటూ పరిగెత్తాలి. ముందు ముగించినవాళ్ళదే గెలుపు.

రష్యా జట్టులో ముప్పై తొమ్మిదేళ్ళ సార్జెంటు ఒకావిడ. దుబాసీ చెప్పాడు: పదేళ్ళప్పుడు మంచు అడవిలో మొదలుపెట్టిందట. ఇరవై ఏళ్ళు దేశం తరఫున పరిగెత్తింది. మోకాలికి రెండు ఆపరేషన్లు. ఇదే ఆఖరి పందెం, గెలిచి ఆపేయాలని పట్టుదల.

"మనూరి తోట ఈవిడికేటి తెలుత్తాది, మావా?" అన్నాను వైర్‌లెస్ ఆపరేటరుతో. అతనిది టెక్కలి.

"నీకు తెలుసు కదేటి, సాల్లే," అన్నాడు.

పదకొండో జెండా పాతే పని నాకిచ్చారు. గుర్తు, జీడితోటలో నుయ్యి. మ్యాపు విప్పలేదు. పుట్టి పెరిగిన చోట మ్యాపేమిటి? చిన్నప్పుడు నీళ్ళు తాగిన నుయ్యి ఇసుకతో పూడిపోయినా, నాకు అదే నుయ్యి. పొద్దున్న ఆరున్నరకి జెండా పాతి పక్కనే కూర్చున్నాను.

ఎనిమిదీ పన్నెండుకి ఆవిడ వచ్చింది, అందరికంటే ముందు. నా దగ్గరికి కాదు. నలభై గజాల అవతల ఆగింది. అటూ ఇటూ వెతకలేదు. మ్యాపు చూసింది, దిక్సూచి చూసింది, నన్ను చూసింది.

"నేను సరైన చోటే ఉన్నాను. నువ్వు లేవు," అంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

వెళ్ళి చూస్తే ఆవిడ కాళ్ళ దగ్గర కొత్త నుయ్యి. నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చిన తుపాను తర్వాత ఊరివాళ్ళు తవ్వుకున్నది. నేనెప్పుడూ చూడనిది. సిగ్గుకంటే ముందు ఆశ్చర్యం వేసింది. దణ్ణం పెట్టాలనిపించింది.

"నేను మారుస్తాను, మీరు వెళ్ళండి," అన్నాను. తల అడ్డంగా ఊపింది. నన్ను నమ్మలేదు, న్యాయమే. తనే జెండా పీకి తెచ్చి కొత్త నూతి దగ్గర పాతి వెళ్ళింది.

రేడియో తీశాను. "మావా, జెండా తప్పు సోట పెట్టీసినాను. రాసుకో."

"నోరు మూసుకో. ఎవులూ సూడనేదు గదా. మెమో ఇచ్చీత్తారు నీకు."

"ఇత్తే ఇత్తారు. రాసుకోమంటన్నాను."

ఆవిడ రెండో స్థానంలో వచ్చింది. పదకొండు సెకన్ల తేడా. గెలిచింది వాళ్ళ జట్టు అమ్మాయే. తప్పు మాది గనక, అక్కడ పోయిన సమయం తీసేస్తామన్నారు మా మేజరుగారు. దుబాసీ అడిగాడు. "వద్దు. పరుగు అయిపోయింది," అందట. అని, ఆ అమ్మాయి బూట్ల లేసులు విప్పడానికి కూర్చుంది.

మెమో ఇచ్చారు. మర్నాడు పలాసలోనే రైలెక్కి యూనిట్‌కి తిరిగొచ్చాను. ఇప్పుడు రిటైరయ్యాను. చాలా మర్చిపోయాను, ఒక్కటి తప్ప. ఆవిడ జెండా పాతుతుంటే వెనక ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి వచ్చేస్తోంది. ఆవిడా విన్నది. అయినా జెండా కర్ర కదులుతోందని వంగి, దాని చుట్టూ ఇసుకను అరచేత్తో అదిమింది. ఊపి చూసింది. మళ్ళీ అదిమింది. అప్పుడు లేచి పరిగెత్తింది.