కల్లూరులో పుట్టిన సోమక్క

సోమక్క కల్లూరులో పుట్టింది. ఆ ఒక్క ముక్క రుజువు కావడానికి ఆమెకు నలభై ఏళ్ళు పట్టింది. రుజువు చేసింది మా వీధి మగవాళ్ళు. చేస్తున్నామని తెలియక చేశారు.

మా వీధిలో సోమక్కది మూడో ఇల్లు. అంటే ఆమె తమ్ముడు చిన్న ఈరన్న ఇల్లు. ఆమెను కోసిగికి ఇచ్చారు. అక్కడ వరసగా మూడేళ్ళు వానలు లేకపోతే ఆమె మొగుడు కూలికని బొంబాయి పోయాడు. పోయినవాడు ఒంటరిగా పోలేదని తరువాత తెలిసింది. అత్త చచ్చిపోయింది, మిద్దె కూలిపోయింది. సోమక్క ఒక గుడ్డల మూట, ఒక రాగి చెంబు తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన పదేళ్ళలో పేడ ఎత్తింది, జొన్నలు విసిరింది, తమ్ముడి పిల్లలు ముగ్గురికీ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. "ఆమె ఎవరు?" అని కొత్తవాళ్ళు అడిగితే తమ్ముడి పెళ్ళాం గిడ్డమ్మ "కోసిగామె" అనేది. మా ఆడబిడ్డ అంటే నోట్లో పుండు పడుతుందనుకుందేమో.

సోమక్క మంచి మనిషి అని నేను రాయను. ఎవరింట్లో సంగటి మాడినా వీధి చివరి దాకా వినపడేలా చెప్పేది. కానీ పని దొంగ కాదు, అబద్ధాలకోరు కాదు. మా వీధిలో ఈ రెండూ కానివాళ్ళు తక్కువ.

ఇట్లా ఉండగా ఆ ఏడు దసరాకు ముందు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులను గుడారాల్లో పెట్టారు. గుడారంలో కాగితాలు ఉండగలవు గానీ పిల్లాజెల్లా ఉండలేరు. కర్నూల్లో ఇళ్ళు చాలక గుమాస్తాలు మా కల్లూరు దాకా వచ్చారు. మా వీధి పెద్దమనిషి మహానంది తన ఎనుములను, అంటే బర్రెలను, తెచ్చి వాకిట్లో కట్టేసి, కొట్టం అలికించి, సున్నం కొట్టించి, అందులో బెజవాడ వైపు గుమాస్తా ఒకాయనను అద్దెకు పెట్టాడు. ఆ గుమాస్తా భార్య కృష్ణవేణమ్మ. చాలా మర్యాదస్థురాలు. ప్రతి మాటకూ "అండీ" అనేది. మొదట్లో ఎనుములను కూడా అండీ అంటుందేమోనని మేం చూశాం. అనలేదు.

శివరాత్రికే ఊరి బావి అడుగంటింది. ఇక హంద్రీ చెలమే దిక్కు. చెలమంటే ఏటి ఇసుకలో తవ్వుకున్న గుంట. తెల్లవారగానే పోయి ముందు పాత నీళ్ళు తోడి పారబోయాలి. కొత్త నీళ్ళు ఊరేదాకా కదలకుండా కూర్చోవాలి. తరువాత టెంకాయ చిప్పతో పైపైన ముంచి కడవలో పోయాలి. తొందరపడితే బురద లేస్తుంది. అంచు మీద కాలు వేస్తే ఇసుక జారి గుంట పూడిపోతుంది. ఇది చదువుతో వచ్చే విద్య కాదు, నడుము నొప్పితో వచ్చేది.

ఇరవై ఇళ్ళు తాగే చెలమ మీదికి ముప్పై ఇళ్ళయ్యాయి. కృష్ణవేణమ్మ ఒక్కతే రోజుకు ఎనిమిది కడవలు మోసేది. పిల్లలకు రోజూ స్నానం, గడపకు రోజూ స్నానం. వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందే కాలువ పారుతుందట. మా ఇళ్ళ ముందు పారేది దుమ్ము. ఆమె తప్పు అని కాదు, కానీ నీళ్ళు మాత్రం తగ్గాయి. ఉన్న మాట ఉన్నట్టే చెప్పాలి. పొద్దెక్కాక పోయిన దానికి అర కడవ దొరికితే అదృష్టం.

మగవాళ్ళకు నీళ్ళతో పనిలేకపోయినా మాటలతో పని ఉంది. రాజధాని మనకు లాభమా, భారమా అని పేపర్లో కూడా రాస్తున్నారని మా ఆయన చెప్పేవాడు. మా ఆయన పేపరు చదవడు, చదివేవాళ్ళ పక్కన కూర్చుంటాడు. కూరగాయలు పిరమైనాయని ఒకడు, బస్సులో సీటు లేదని ఒకడు. కల్లూరు నుంచి కర్నూలుకు నడిచిపోయేవాడే ఆ బస్సు సంగతి ఎక్కువ మాట్లాడేవాడు.

ఈలోగా కొట్టంలో కృష్ణవేణమ్మ పిల్లలను ఎనుముల పిడుదులు కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. వాళ్ళు ఇల్లు మారాలని చూసి చిన్న ఈరన్న ఇంట్లో గది అడిగారు. ఆ ఇంట్లో ఉన్నవే రెండు గదులు. ఒకదాంట్లో మొగుడూ పెళ్ళాలు, పిల్లలు. రెండోదాంట్లో జొన్న మూటలు, సోమక్క. గిడ్డమ్మ ముందుగానే అద్దె తీసుకుంది. మూడో రోజుకల్లా ఆ అద్దె ఆమె చెవులకు కమ్మలై వేలాడింది. ఆ కమ్మలు పెట్టుకునే ఆడబిడ్డతో మాట్లాడింది.

"వదినా, ఉగాది పోయినాక నువ్వు కోసిగికి పో. ఎంతైనా అది నీ ఊరు."

"ఆడ నాకు మిద్దె కూడా లేదు గదే గిడ్డీ. ఎవురుండారని పోదును?"

"నీ ఊర్లోనే నీకు లేకుంటే మా ఊర్లో యాడుంటాది?"

మా ఊరు అన్న గిడ్డమ్మ పుట్టింది గూడూరులో. చిన్న ఈరన్న ఆ పక్కనే కూర్చుని ఎద్దు గిట్ట ఎత్తి చూస్తున్నాడు. ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా ఆ ఎద్దు కాలిలో ముల్లు ఉండేది. సోమక్క తమ్ముడి మొహం చూసింది. అతను మొహం ఎత్తలేదు. ఆమె లేచి జొన్నలు విసరడానికి పోయింది.

తన కొట్టం ఖాళీ అవుతుందని మహానందికి మర్నాడు తెలిసింది. ఆ సాయంత్రమే చావడిలో వీధి కూడింది. ఆడవాళ్ళను పిలవలేదు. జరిగినదంతా మా ఆయనే వచ్చి గొప్పగా చెప్పాడు.

"మన నీళ్ళు తాగుతారు, మన కొట్టం బాగలేదంటారు! ఇట్లా ఎంతమందిని రానిస్తామప్పా? ఏరు ఒకటే ఉండాది," అన్నాడు మహానంది.

"రాజధాని వచ్చినాక వచ్చినోళ్ళకు చెలమ లేదందాం," అన్నారొకరు.

"మా బావ దసరా పోయినాక వచ్చినాడు. మాయింట్లోనే ఉండాడు. ఆయప్పకు నీళ్ళు లేవా?" అన్నాడు రంగన్న.

"మీ బావకు ఉంటాయిలే."

"మరి ఆ రూలు తప్పు గదా."

మహానంది చెయ్యెత్తాడు. "తారీకులొద్దు, లెక్కలొద్దు. ఈ ఊర్లో పుట్టినోళ్ళకే చెలమ. పుట్టనోళ్ళకు లేదు. అంతే."

అందరికీ నచ్చింది. రంగన్న బావ ఎక్కడ పుట్టాడో ఎవరూ అడగలేదు. మా ఆయన రెండు చేతులూ ఎత్తాడట. ఆ చావడిలో కూర్చున్న ముప్పైమందిలో కడవ పట్టుకుని ఒక్కరోజు ఏటికి పోయినవాడు లేడు. నీళ్ళు ఇంట్లో కుండలోనే పుడతాయని వాళ్ళ నమ్మకం.

కాపలాకు తలారి ఉరుకుందును పెట్టారు. పోయిన ఏడు మొహమాటపడి ఎవరి గొర్రెలనో చేన్లోకి వదిలినందుకు అతనికి ఇచ్చే గింజలు ఆపేశారు. "ఈసారి మొహమాటపడినావంటే చూడు. ఎవురైనా సరే, పుట్టిన ఊరు అడుగు," అని మహానంది గట్టిగా చెప్పాడు. ఉరుకుందు తలకాయ ఊపాడు.

తెల్లారి అందరికంటే ముందు పోయింది నేనే. ఉరుకుందు కర్ర అడ్డం పెట్టాడు.

"పెద్దమ్మా, నువ్వు యాడ పుట్టినావు?"

"నీకు తెల్దేమిరా? కోడుమూరు."

"అయితే లేవు."

"ఏంది లేనిది?"

"నీళ్ళు."

ముప్పై అయిదేళ్ళుగా ఆ ఇసుక తవ్విన చేతులు నావి. వాటిని చూపించాను. అతను చూశాడు, కర్ర మాత్రం తీయలేదు. నా వెనక గిడ్డమ్మ, గూడూరు. ఆమె వెనక మహానంది భార్య వెంకటలక్ష్మమ్మ.

"నేనెవురనుకుంటాండావురా? మీ పెద్దమనిషి పెండ్లాన్ని!"

"పెండ్లానివే, కాదనలేదు. నీ పెండ్లి బండి ముందర దివిటీ పట్టుకొచ్చింది మా నాయనే. ఆ బండి పత్తికొండ నుంచే గదమ్మా వచ్చింది?"

అట్లా వరసలో ఉన్న అందరినీ అడిగాడు. ఒకతె ఆలూరు, ఒకతె నంద్యాల. కోడళ్ళు కానివాళ్ళు ఆ వరసలో లేరు. ఈ ఊరి కూతుళ్ళను మేమే సాగనంపాం, వాళ్ళు వేరే ఊళ్ళలో వేరే చెలమల దగ్గర ఉన్నారు. కృష్ణవేణమ్మ చివర నిలబడి "మాది బెజవాడండీ" అంది. "అది తెలుసు," అన్నాడు ఉరుకుందు. ఎవరి కోసం ఈ కట్టుబాటు పెట్టారో ఆమెకు, మాకు ఇప్పుడు తేడా లేదు.

అప్పుడు సోమక్క వచ్చింది.

"నువ్వక్కా?"

"మీ అమ్మనడుగు. నా బొడ్డు కోసింది ఆయమ్మే."

ఉరుకుందు తల్లి మంత్రసాని. ఆ మాట కాదనడానికి లేదు. "పో," అని కర్ర తీశాడు.

ఇరవైమందిమి చూస్తుండగా సోమక్క ఒక్కతే చెలమలో దిగింది. పాత నీళ్ళు తోడి పారబోసింది. కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. నీళ్ళు ఊరాక చిప్పతో ఒక కడవ నింపుకుని, చుట్టకుదురు సర్దుకుని, మా మధ్యలోంచి నడిచిపోయింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెలో నేను మొదటిసారి చూశాను.

వెంకటలక్ష్మమ్మ ఖాళీ కడవ చంకన పెట్టుకుంది. "పదండమ్మే. మనం ఊరోళ్ళం కాదంట. ఊరోళ్ళే తోడుకుంటారు."

ఇంటికి వచ్చి కూర్చున్నాం. మహానంది ఉరుకుందును పిలిపించి "వాళ్ళు మన ఆడోళ్ళు గదరా!" అని ఎగిరాడు. "మొహమాటపడొద్దంటివి గదప్పా," అన్నాడు అతను. నిన్న పెట్టిన కట్టుబాటు ఇవాళ తీసేస్తే గుమాస్తాలు నవ్వుతారని మహానందికి రోషం. పైగా మీరు పొండి అంటే మేం పోయేట్టు లేం. తుంగభద్ర దాకా బండి కడదామంటే మేత లేక ఎద్దులు లేచి నిలబడటమే గొప్పగా ఉంది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఇక ఎవరు? మగవాళ్ళే.

మర్నాడు మగవాళ్ళు కడవలు భుజాన పెట్టుకుని ఏటికి పోయారు. మేం గట్టు మీది నుంచి చూశాం. పాత నీళ్ళు ఎవరూ తోడలేదు. చిప్ప ఎవరూ తేలేదు. ఒకడు కడవనే గుంటలో ముంచాడు. రంగన్న లావు మనిషి, అంచు మీద నిలబడి అందరికీ ఎట్లా ముంచాలో చెప్పాడు. అంచు జారింది. రంగన్నతో పాటు బండెడు ఇసుక చెలమలోకి పోయింది. రంగన్నను తీశారు. నీళ్ళు మాత్రం ఇసుక కింద ఉండిపోయాయి.

ఆ మధ్యాహ్నానికి వీధిలో నీళ్ళున్నది చిన్న ఈరన్న ఇంట్లోనే. అదీ సోమక్క ముందురోజు తెచ్చిన కడవలో అడుగు మిగిలింది. గిడ్డమ్మ గొంతులో బెల్లం కరిగింది.

"వదినా, కొత్త చెలమ నువ్వు తీయరాదా? నీకయితే అడ్డమెవురు?"

"నాకు తీరదమ్మా. నా ఊరికి నేను పోవల్ల. మూట కట్టుకుంటాండా."

నిజంగానే కట్టుకుంటోంది. బెదిరింపు కాదు. పోయి చేసేదేమిటో ఆమెకు తెలియదు. ఆ మాట తరువాత నాతో అంది. ఉగాది ఇంకా నాలుగు రోజులు ఉంది.

సాయంత్రం చావడికి సోమక్కను పిలిచారు. వెనకే మేం అందరం పోయాం. పిలవలేదు గానీ పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు, దాహంగా ఉన్నారు.

"సోమక్కా, నువ్వు చెలమ తీయాలమ్మా," అన్నాడు మహానంది.

"ఎందుకు చిన్నాయనా?"

"నువ్వు ఈ ఊరి ఆడపిల్లవు గదా."

"అందరూ వినేట్టు చెప్పు. వెనకాలోళ్ళకు వినపళ్ళేదు."

మహానంది గొంతు పెంచాడు. "సోమక్క ఈ ఊరి మనిషి!"

"మరి ఈ ఊరి మనిషిని కోసిగికి పొమ్మంటాండారు. నేను పండుకునే గది ఇంకొకరికి ఇచ్చినారు. పోయేదాన్ని చెలమ తీయమంటే యాడ తీసేది, కోసిగిలోనా?"

చావడిలో ఎద్దు లేదు. చిన్న ఈరన్న తన కాలే చూసుకున్నాడు. మహానంది అతని మీద విరుచుకుపడ్డాడు. కొట్టం ఖాళీ చేయిస్తున్న కోపం కూడా కలిసింది గాబోలు, బాగానే పడ్డాడు. ఆ గది సోమక్క బతికినంత కాలం సోమక్కదేనని, మాట తప్పితే ఆ ఇంటితో నిప్పూ నీళ్ళూ బంద్ అని తేల్చారు. చిన్న ఈరన్న "సరే" అన్నాడు. గిడ్డమ్మ కమ్మలు మాత్రమే కదిలాయి.

"ఇంకోటి," అంది సోమక్క. "నేను తీసే చెలమకాడ పుట్టుకలు అడిగేది లేదు. ఇంటికి రెండు కడవలు. మీ ఇంటికైనా అంతే, ఆ గుమాస్తా ఇంటికైనా అంతే. ఎనుములకు లేవు."

మహానంది అదిరిపడ్డాడు. "మా ఎనుములు ఈ ఊర్లోనే పుట్టినాయి గదమ్మా!"

ఎవరూ నవ్వలేదు. నోరు ఎండితే నవ్వు రాదు. ఎనుములను పొద్దున, సాయంత్రం తుంగభద్రకు తోలుకుపోవాలని తీర్మానం అయింది.

తెల్లారి సోమక్క పాత గుంటకు పది బారలు పైన ఇసుక తడిమి చూసి, అక్కడ తవ్వింది. మేమూ చేతులు వేశాం. నీళ్ళు పడ్డాయి. ఇంటికి రెండు కడవలంటే ఎవరికీ చాలలేదు. కృష్ణవేణమ్మ గడప కడగడం మానుకుంది, పిల్లలకు రోజు మార్చి రోజు స్నానం. నేనూ రెండు పూటల అంట్లు ఒకేసారి తోమాను. మూడో కడవ కోసం గిడ్డమ్మ ఒకరోజు మాట్లాడి చూసింది. సోమక్క ఆమె కడవ కాకుండా తరువాతి ఆమె కడవ అందుకుంది.

ఉగాది మర్నాడు గుమాస్తా మంచాలు, ట్రంకు పెట్టెలు తోపుడు బండికెత్తుకుని చిన్న ఈరన్న ఇంటి ముందు దిగాడు. పాపం, మాట ప్రకారమే వచ్చాడు. వెనక్కి పోదామంటే మహానంది అప్పటికే కొట్టంలో ఎనుములను కట్టేశాడు. సోమక్క తన గదిలో ఉంది, గడియ లోపలి నుంచి వేసి ఉంది. గిడ్డమ్మ తలుపు దగ్గర నిలబడి మెల్లగా పిలిచింది.

"వదినా, వాళ్ళ అద్దె వాడుకుంటిమి. వాళ్ళనిప్పుడు యాడ పెట్టేది?"

"మీ గది ఉండాది గదే," అంది సోమక్క లోపలి నుంచి.

గుమాస్తా సంసారం గిడ్డమ్మ గదిలో చేరింది. చిన్న ఈరన్న, గిడ్డమ్మ, పిల్లలు పంచలోకి మారారు. రాజధాని హైదరాబాదుకు పోయి గుమాస్తాలు పెట్టేబేడా సర్దుకునేదాకా, రెండున్నరేళ్ళు, వాళ్ళు ఆ పంచలోనే పడుకున్నారు. వానొచ్చినప్పుడు సోమక్క తలుపు తీసేది. వెంటనే తీసేది కాదు.