‘వారుమే?’ అన్న గొంతు

బైబిలు మీద చెయ్యి వేయమంటారా, వేస్తాను. మా అమ్మ మీద ఒట్టు పెట్టమంటారా, పెడతాను. కల అని మాత్రం అనకండి. జ్వరం అనకండి. నేను ఆ రాత్రి నిద్రలో లేను... మంట మీద ఉన్నాను. అంత కోపంలో ఉన్న మనిషికి కలలు రావు.

రాత్రి అన్నానని అర్ధరాత్రి అనుకోకండి. మా ఇంట్లో ఇంకా అన్నాలే తినలేదు.

మాది బొబ్బిలి దగ్గర. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. చర్చి కాంపౌండులోనే మా క్వార్టర్. నేను యూనివర్సిటీలో బీయే జర్మన్ చదువుతున్నాను. సెలవులకు ముందే నోటి పరీక్ష పోయింది. పోయింది కాదు... పోగొట్టారు.

జర్మన్‌లో ‘మేట్‌శెన్’ అంటే అమ్మాయి. అందులో ‘శ’ నా నోట ‘స’ అయింది. మావైపు అంతే కదా... ‘చెప్పు’ కూడా ‘సెప్పు’ అవుతుంది. మా సారు కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు.

“ఏ ఊరమ్మా నీది? శ్రీకాకుళమా, విజయనగరమా? ఈ నాలుక మీద జర్మన్ నిలవదు. వేరే కోర్సు చూసుకో.”

పక్కన కూర్చున్న మేడమ్ కూడా నవ్వింది. సెలవులయ్యాక మళ్లీ రమ్మన్నారు. ఈసారీ పోతే ఏడాది పోయినట్టే.

సెలవులకు ఇంటికి వచ్చాక, ఆ రోజు సాయంత్రం అమ్మ చారుకు పోపు వేస్తూ అంది. “మానీయే. నర్సింగులో సేరు. ఆ బాస నేర్సుకొని ఇక్కడ ఎవుల్తో మాటాడతావే?”

“నీక్కూడా నా నోరే తప్పుగా అవుపడతందా?”

“తప్పని నానన్నానా? ఏడిసి ఏడిసి సిక్కిపోతన్నావని సెప్తన్నాను.”

తలుపు ధడాలున వేసి బయటికి వచ్చేశాను. నేరుగా సండేస్కూలు హాలుకి వెళ్లాను. పాత పెంకుల హాలు. పొడుగాటి బల్లలు, మూల బట్ట కప్పిన హార్మోనియం. ఒకటే తలుపు. లోపల గడియ పెట్టేసుకున్నాను. నా ఫోను చార్జింగ్ లేక అప్పటికే చచ్చిపోయింది.

పరీక్షలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. జర్మన్ ఎందుకు చదువుతున్నావు? దానికి సీనియర్లు అందరూ బట్టీ పట్టే జవాబు ఒకటి ఉంది. జర్మనీ సంస్కృతి అంటే నాకు చాలా ఇష్టం... ఆ దేశం చూడాలని నా కల... నేనూ అదే జర్మన్‌లో గట్టిగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒళ్లు మండుతోంది.

కరెంటు పోయింది.

వాన మొదలైంది. పెంకుల మీద టపటపా. పోతే పోయిందిలే అని చీకట్లోనే మళ్లీ మొదలుపెట్టాను. ‘జర్మనీ సంస్కృతి అంటే నాకు చాలా ఇష్టం...’

“వారుమే?”

...

ఆగిపోయాను.

జర్మన్‌లో ‘వారుమ్’ అంటే ఎందుకు. దాని చివర... మన ‘ఏ’. ‘ఎందుకే?’ అంటాం చూడండి, ఆడపిల్లతో మాట్లాడేటప్పుడు... ఆ ‘ఏ’. జర్మనీలో పుట్టినవాళ్లెవరూ అలా అనరు. మా కాంపౌండులో ‘వారుమ్’ అనే మాట తెలిసింది నాకొక్కదానికే.

ఆడగొంతు. పెద్దావిడ గొంతు. ఎదురు బల్ల వైపు నుంచి... ఆకు నముల్తూ మాట్లాడినట్టు, నింపాదిగా.

“ఎవులది?” అన్నాను. చీర కుచ్చిళ్లు సర్దుకుంటే వస్తుందే, ఆ చప్పుడు. బల్ల కిర్రుమంది. ఎవరో కుదురుగా కూర్చున్నట్టు...

మళ్లీ, ఇంకాస్త మెల్లగా...

“వారుమే?”

పారిపోవాలి కదా? ఎవరైనా పారిపోతారు. నాకేమో కోపం వచ్చింది. ఎంత కోపమంటే... భయం ఎటు పోయిందో పోయింది. సారు అడుగుతాడు ఎందుకని. అమ్మ అడుగుతుంది ఎందుకని. ఇప్పుడు చీకటి కూడా అడుగుతోంది!

జర్మన్‌లోనే అరిచాను.

ఎందుకా? మొదటి రోజు క్లాసులో చెప్పారు... జర్మన్‌లో అమ్మాయి అన్న మాట ఆడదీ కాదు, మగదీ కాదు, వస్తువుతో సమానమని. అందరూ విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు. మా భాషలో అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది... అన్నిటికీ ఒకటే ‘వచ్చింది’. ఇది నాకు తెలిసిన ఇల్లే అనిపించింది. ఇంకోటి... ఇంగ్లీషులో నేను అందరికన్నా వెనక. తెలుగులో నోరు తెరిస్తే నవ్వు. జర్మన్‌లో అందరూ సున్నా దగ్గరే మొదలుపెట్టారు, నాతో పాటు. అందుకే వెళ్లాను. అక్కడికి కూడా వచ్చి ఆ సారు నా నోట్లో నా ఊరిని వెతికి పట్టుకున్నాడే... వాడెవడు?

అంతా అరిచాను. ఎప్పుడూ కుదరని వాక్యాలు కుదిరాయి. జర్మన్ పద్ధతిలో క్రియలు వాటంతటవే చివరికి వెళ్లి కూర్చున్నాయి. ‘మేట్‌సెన్’ అనే అన్నాను. సరిదిద్దుకోలేదు.

ఆయాసం... వాన...

అప్పుడు ఎదురు బల్ల మీద నుంచి... “ఊఁ.”

అంతే. కథ విన్నవాళ్లు కొట్టే ఊఁ. బల్ల మళ్లీ కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో లేచి నడిచారు... తలుపు వైపు కాదు. హార్మోనియం ఉన్న మూలకి. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. చప్పుడు గోడ దాకా వెళ్లింది... ఆగలేదు. దూరమవుతూ వెళ్లిపోయింది.

కరెంటు వచ్చింది. హాల్లో నేనొక్కదాన్నే. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

గడియ తీసేసరికి అమ్మ గొడుగుతో నిలబడి ఉంది. “ఫోన్లో ఎవుల్తోనే ఆ తగువు? రా, అన్నం సల్లారిపోతంది” అంది. రెండో గొంతు విన్నావా అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. వినలేదంటే నాకు పిచ్చి. విన్నానంటే... దానికన్నా ఘోరం.

మర్నాడు పాస్టర్‌గారిని అడిగాను, ఇక్కడ జర్మన్లు ఎవరైనా ఉండేవారా అని. ఆయన తల అడ్డంగా ఊపారు. “జర్మనోలా? నాకు తెలిసి లేరమ్మా. ఇక్కడికొచ్చిన దొర్లంతా ఇంగ్లీసే మాటాడీవోలు.”

సెలవుల తర్వాత సారు అదే ప్రశ్న అడిగాడు. చీకట్లో అరిచిందంతా ఈసారి అరవకుండా చెప్పాను. సారు నవ్వలేదు. బొటాబొటిగా పాసు మార్కులు వేశాడు, పిసినారి.

పగలు ఆ హాల్లో చాలాసార్లు కూర్చున్నాను. జర్మన్‌లో పిలిచాను, తెలుగులో తిట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీరు నమ్మండి, మానండి... నాకు ఇంకా కోపమే. నేను చెప్పింది ఆఖరి మాట దాకా విన్న ఒకే ఒక్క మనిషి, పేరైనా చెప్పకుండా పోతే కోపం రాదా?

మనిషి అన్నానా?... ఏమో మరి.