వీరదుర్గ చక్రంలో చిన్న ముక్క

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే చివర్లో తగిలే పల్లెలో ఎవరిని కదిపినా ఇదే చెబుతారు. బంగాళాఖాతాన్ని గుమ్మడికాయ కోసినట్టు ఐదు ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎవరిదో గడగడా ఇంగ్లీషులో చెప్పేసిన మనిషి వీరదుర్గ. ఆవిడ రాస్తుంటే పరీక్ష హాల్లో ఫ్యాన్లు తిరగడం మాని తొంగిచూశాయట. పేపరు దిద్దినాయన కళ్లజోడు తీసి దణ్ణం పెట్టాడట. ఆ కాయితాల కట్ట వెళ్లిన లారీ వెనక చేపల వాసనకి బందరు నుంచి గుడివాడ దాకా పిల్లులు బారులు తీరాయట.

పిల్లుల సంగతి పక్కన పెడితే, మనిషి మాత్రం నిజం.

వీరదుర్గ బందరులో ఒక నర్సింగు హోములో ఆయా. పదకొండేళ్లుగా అదే పని. నర్సు మూడుసార్లు పొడిచినా దొరకని నరాన్ని ఆవిడ వేలితో తడిమి ఇదిగో అని చూపించేది. చూపించడం వరకే. సూది పట్టుకునే హక్కు ఆయాకి లేదు. ఆ హక్కు కావాలంటే నర్సింగు ట్రైనింగు చెయ్యాలి, ట్రైనింగుకి ఇంటర్ పాసవ్వాలి, ఇంటర్‌లో ఒక్క ఇంగ్లీషు మిగిలిపోయింది. మూడుసార్లు రాసింది. మూడోసారి ముప్పై రెండు వచ్చాయి. మూడు మార్కుల దూరంలో ఆగిపోయింది.

ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, ట్రైనింగు స్కూలువాళ్లు ఒక సీటు ఆపారు. “సప్లిమెంటరీ ఫలితాలొచ్చేదాకా చూస్తామమ్మా. ఆ తర్వాత మావల్ల కాదు,” అన్నారు. పై ఏటికి వయసు దాటిపోతుంది. అప్పుడిక బతికినన్నాళ్లూ నరం చూపించడమే.

చిలకలపూడి దగ్గర ట్యుటోరియల్ కాలేజీలో సులోచన గారు ఇంగ్లీషు చెప్పేవారు. వీరదుర్గ పాత జవాబులన్నీ తిరగేసి ఆవిడ ఒకే చోట వేలు పెట్టారు. పై చార్టు. గుండ్రటి చక్రం గీసి, ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత శాతమో వేసి, దీన్ని ఒక పేరాగా రాయమంటారు. ఐదు మార్కులు. వీరదుర్గకి అందులో ఎప్పుడూ ఒకటి దాటలేదు.

“ఏదీ, నా ఎదురుగా రాయి.”

వీరదుర్గ రాసింది. ఒక ఊళ్లో జనం ఏయే పనుల మీద బతుకుతున్నారో చూపించే చక్రం అది. సులోచన గారు చదివి ఎర్ర పెన్ను మూత తీశారు.

“ఇతరులకు మూడు శాతమే వచ్చింది, అది వాళ్లకి చాలదు అని మొదలెట్టావేంటి? చాలుతుందో లేదో నిన్నెవరడిగారు? వ్యవసాయానికి సగం ఎందుకిచ్చారో తెలియదు అంట. పంచాయితీ తీర్చడానికి వెళ్తున్నావా, పరీక్షకా?”

“చిన్నది ముందు చెప్పాలి కదండీ.”

“ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. వాళ్ల పల్లెలో ఎప్పుడూ అంతే. పడవ ఒడ్డుకొచ్చాక చేపల్ని ఇసకలో కుప్పలు పోస్తారు. అన్నిటికన్నా చిన్న కుప్పని ముందు పిలుస్తారు. అది వేటకి వెళ్లే మగదిక్కు లేని ఇంటిది. ఆ తర్వాత పడవెక్కినవాళ్లవి, ఆ తర్వాత వలది, అన్నిటికన్నా పెద్దదైన పడవ కుప్ప ఆఖరున. పిలిచేవాడు ప్రతి కుప్పా ఎందుకు అంతే ఉందో కూడా చెప్పాలి. చెప్పకపోతే పంపకం చెల్లదు. వీరదుర్గ ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి పాము కరిచి పోయాడు. ఆనాటినుంచి మొదట పిలిచే పేరు వాళ్లమ్మ సత్యవతమ్మదే.

సులోచన గారు విని, ఎర్ర పెన్ను మూత పెట్టారు. గొంతు తగ్గించి చెప్పారు. “మంచి పద్ధతే అమ్మా. కానీ ఇక్కడ నువ్వు పంచేదానివి కాదు. దూరంగా ఉన్న మనిషికి చక్రం కళ్లకు కట్టాలి. అది దేని గురించో ముందు ఒక వాక్యం. తర్వాత పెద్ద ముక్క. దాంట్లో సగముందా, పావుందా అని పోలుస్తూ తర్వాతది. అలా చివరికి చిన్నది. ఎందుకు అనే మాట జోలికి పోకు. కనపడిందే రాయి.”

నెల రోజులు వీరదుర్గ కనపడినదాన్నల్లా చక్రం చేసింది. వార్డులో పన్నెండు మంచాలుంటే జ్వరాలు సగం, ఆపరేషన్లు పావు, కట్లు కట్టినవాళ్లు ఇద్దరు, చివర ఒక్క ముసలాయన. బస్సెక్కినా అంతే. పెద్దది ముందు, చిన్నది వెనక. నోరు తిరిగింది. లోపలేదో తిరగబడింది కూడా, కానీ దాన్ని పట్టించుకునే తీరిక లేదు.

పరీక్షకి పది రోజుల ముందు ఇంటికెళ్లింది. పొద్దున్నే పడవ వచ్చింది. పడవ పెద్ద కొండయ్య, వీరదుర్గకి మేనమావ, కుప్పలు పోసి నడుం మీద చెయ్యేసుకున్నాడు.

“ఏమ్మా నర్సమ్మా. ఇంగ్లీషు కూడా వచ్చేసిందంట కదా. ఇవాళ నువ్వు పిలువు.”

“నాకెందుకు మావయ్యా.”

“పిలవ్వే, సిగ్గుపడతావేంటి. తెలుగులోనే పిలువులే, చేపలు భయపడతాయి.”

జనం నవ్వారు. వీరదుర్గ కుప్పల్ని చూసింది. నోటికి అలవాటైన దారిలో మాట జారిపోయింది. “పడవది.”

నవ్వు ఆగింది. ఎవరూ బుట్ట ముందుకు జరపలేదు. ముందు వరసలో సత్యవతమ్మ ఖాళీ బుట్ట అప్పటికే సగం చాపి ఉంది. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంది.

“ఏంటే అమ్మాయ్, మీ అమ్మ కనపళ్లేదా నీకు?” అంది వెనకనుంచి ఒక ముసలామె.

“కనపడింది మామ్మా. తప్పు పిలిచాను.”

“బందరు నీళ్లు మరి,” అన్నాడు కొండయ్య, మాట తేల్చేద్దామని. తనే మళ్లీ మొదటినుంచి పిలిచాడు. సత్యవతమ్మ బుట్ట నిండింది. ఆ పూట తల్లీకూతుళ్లు ఆ చేపల పులుసే తిన్నారు.

పరీక్షలో పై చార్టు వచ్చింది. వీరదుర్గ దాన్ని ఆఖరుకి ఉంచుకుంది. ఒక ఊరు, ఐదు ముక్కలు. వ్యవసాయం నలభై ఎనిమిది, చేపల వేట ఇరవై రెండు, కూలి పదిహేను, వ్యాపారం పన్నెండు, ఇతరులు మూడు. మొదటి వాక్యం కుదిరింది. దాదాపు సగం మంది వ్యవసాయం మీద బతుకుతున్నారని రాసింది. వేట అందులో సగానికి తక్కువ అని రాసింది. ఎక్కడా ఎందుకు అనలేదు. కలం పడవలా సాగింది.

చివర మూడు శాతం దగ్గర ఆగింది. ఇతరులు అంటే ఎవరు? పొలం లేదు, పడవ లేదు, కూలికి ఒళ్లు సహకరించదు. అమ్మే కదా. వెనక్కి వెళ్లిన బుట్ట కళ్లముందు కదిలింది. అందరి తర్వాత రాయాలి, ఎందుకంతో చెప్పకూడదు. చివరిగా అని రాసి కొట్టేసింది. మిగిలినవాళ్లు అని రాసి కొట్టేసింది. గంట కొట్టారు. పర్యవేక్షకుడు వచ్చి కాయితం లాగాడు.

ఐదు ముక్కల చక్రం వచ్చిందని ఇంట్లో చెప్పింది గానీ, ఫలితాలు వచ్చేదాకా చిన్నది వదిలేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంగ్లీషులో ముప్పై ఐదు వచ్చాయి. సరిగ్గా ముప్పై ఐదు. సులోచన గారు ఫోన్లో నవ్వారు. ట్రైనింగు స్కూలువాళ్లు పేరు రాసుకున్నారు. పల్లెలో కొండయ్యకి ఇక పట్టపగ్గాల్లేవు. వారం తిరక్కుండా చక్రం సముద్రమైంది, ఫ్యాన్లు ఆగాయి, పిల్లులు బయల్దేరాయి.

మార్కుల కాయితం చూపించడానికి ఇంటికొచ్చిన రోజు, ఒడ్డున జనం మధ్య కొండయ్య అదే కథ మళ్లీ ఎత్తుకున్నాడు. సత్యవతమ్మ బుట్ట పట్టుకుని వింటోంది, మొహం వెలిగిపోతోంది. వీరదుర్గ తల్లి వైపు చూడకుండా ఆయన మాటకి అడ్డొచ్చింది.

“సముద్రం కాదు మావయ్యా. కాయితం మీద చక్రం. ఐదు ముక్కలుంటే నాలుగే రాశాను. చిన్నది రాయలేదు.”