నాలుగు చక్రాలూ నేల మీదే: మిల్టన్ నుంచి రెజైనాకు పికప్‌ను లాక్కెళ్లిన సంగతి

ముందే క్షమించమని అడుగుతున్నాను. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. మా ఊళ్లో ఏడో తరగతి దాకానే చదివాను, ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ తడుముకుంటాను. నేను నోటుబుక్కులో రాసిందాన్ని హారిక అనే అమ్మాయి టైపు చేస్తోంది. ఆమె దిద్దగా మిగిలిన తప్పులన్నీ నావే. మోటర్‌హోమ్ వెనక చేతి గేర్ల పికప్ కట్టుకుని దూరం పోదామనుకునేవాళ్లు మనవాళ్లలో ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను. మోటర్‌హోమ్ అంటే మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న బస్సులాంటి బండి.

ఈ ప్రయాణం ఎందుకంటే, నన్ను కూర్చోమన్నారు కాబట్టి. కెనడాలో, మిల్టన్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఎనిమిదేళ్లూ ఆ పికప్‌తోనే చలికాలం ఇళ్ల ముందు మంచు తీశాను, ఎండాకాలం గడ్డి కోశాను. అరవై తొమ్మిది నిండగానే మా అల్లుడు శ్రీకాంత్ "ఇంక చాలు మామయ్యా, బండి అమ్మేసి రిలాక్స్ అవ్వండి" అన్నాడు. మంచివాడే. కానీ ఊరికే కూర్చోవడంలో సుఖమేమిటో నాకు తెలియదు. ఆ వారంలోనే హారిక రెజైనా నుంచి ఫోన్ చేసింది. ఆ పిల్ల అంతకు ముందు ఏడాది మా అమ్మాయి ఇంట్లో పైగదిలో అద్దెకుండి, తర్వాత చదువుకని అక్కడికి వెళ్లింది. "ఆంటీ, ఒక్క ఇంట్లో తొమ్మిదిమందిమి ఉంటున్నాం. స్టవ్ దగ్గర నా టర్న్ వచ్చేసరికి షిఫ్ట్ టైం అయిపోతోంది. మీ పప్పుచారు గుర్తొస్తే ఏడుపొస్తోంది" అని మా ఆవిడ మంగమ్మతో చెప్పుకుంది. మంగమ్మ ఫోన్ పెట్టేసి "పోదామా?" అంది. "పోదాం" అన్నాను. మా ఇద్దరి మధ్య చర్చ అంతే.

హారిక అక్కడ మా వంట కావాలనే ముప్పైమంది చదువుకునే పిల్లల్ని పోగు చేసింది. ఒక కమ్యూనిటీ హాలు వాళ్లు ఉదయం పూట వంటగది వాడుకోమన్నారు. సెప్టెంబరు మొదటి సోమవారం నుంచి క్యారియర్లు పంపాలి. ఉండటానికి ఇల్లు మాత్రం దొరకలేదు. ఆ ఏడాది కొత్తగా దిగిన పిల్లలతో గదులన్నీ నిండిపోయాయి. అందుకని మిల్టన్‌లోనే ఒకాయన అమ్ముతున్న పాత మోటర్‌హోమ్ కొన్నాను. కానీ అంత పెద్ద బండితో సందుల్లోకి వెళ్లి క్యారియర్లు ఇవ్వలేం. పిల్లలుండేది ఊరికి మూడు మూలల. అంటే పికప్ నిక్షేపంగా చేరితేనే మా పని, లేకపోతే వండిన అన్నం వండినచోటే.

పికప్‌ను ట్రైలర్ మీద ఎక్కించమని అందరూ చెప్పారు. గ్యారేజీ అతనైతే "చేతి గేర్లు, పైగా ఫోర్ వీల్ డ్రైవ్, నేల మీద లాగితే గేర్లు పోతాయి" అని నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. బండితో వచ్చిన పుస్తకాన్ని వీడియో కాల్‌లో హారికకు చూపించి, ఒక్కో లైనూ తెలుగులో చెప్పించుకున్నాను. అందులో రాసే ఉంది, లాగవచ్చని. గేర్ రాడ్డు పక్కన ఇంకో పొట్టి లివరుంటుంది. చక్రాలకూ గేర్ పెట్టెకూ ఉన్న సంబంధాన్ని అది తెంచుతుంది. ఆ లివర్ న్యూట్రల్‌లో, పెద్ద రాడ్డు మొదటి గేరులో ఉండాలి. స్టీరింగ్ బిగుసుకోకుండా తాళంచెవి ఒక మెట్టు తిప్పి ఉంచాలి. ఇరవై ఏళ్లు ట్రాక్టర్ తోలినవాడికి ఇందులో తెలియనిదేముంది? ముందు రోజు సాయంత్రమే అంతా పెట్టి పరీక్షించాను. ఇంజన్ స్టార్ట్ చేసి, మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదిలితే బండి అంగుళం కదలలేదు. సరిగ్గా ఉన్నట్టు గుర్తు అదే.

శనివారం పొద్దున తొమ్మిదికి రాహుకాలం. ఎనిమిదిన్నరకు మంగమ్మ రెండు బళ్లకూ బొట్లు పెట్టి, మోటర్‌హోమ్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తొక్కించాను. "దానికో?" అంది పికప్‌ను చూపించి. "అది వెనక వచ్చేదే కదా" అన్నాను. "వెనకొచ్చేదైతే మాత్రం? రేపు అన్నం మోసేది అదే కదండీ!" నిజమే అనిపించింది. పొట్టి లివర్ మార్చి, పికప్‌ను నాలుగడుగులు ముందుకు తోలి నిమ్మకాయలు తొక్కించి, మోటర్‌హోమ్ వెనక సరిగ్గా ఆపాను. లాగే కడ్డీలు, గొలుసులు, లైట్ల వైరు, పికప్ బ్రేకు తొక్కే చిన్న పెట్టె, అన్నీ బిగించాను. అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. శ్రీకాంత్ "ఇంకా టైం ఉంది మామయ్యా, ఆలోచించుకోండి" అంటున్నాడు. ఎనిమిదీ యాభైకి కదిలాం.

హైవే నాలుగు వందల మీద ఉత్తరానికి పోవాలి. గంటకు తొంభై దాటలేదు. వెనక బండి ఉందన్న సంగతే తెలియలేదు, అంత మెత్తగా వచ్చింది. పదకొండు గంటలకు బారీ అనే ఊరు దాటాక రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆపాను. ఇలా కట్టుకున్నప్పుడు వెనక్కి తోలకూడదు, కడ్డీలు వంకర పోతాయి. అందుకే ముందు నుంచి బయటికి దారి ఉన్న చోటే ఆగాలి. ట్రాక్టర్ రోజుల నుంచి నాకొక అలవాటు, ఆగగానే చక్రాల బొడ్లకు అరచెయ్యి వెనకవైపు ఆనించి చూస్తాను. నాలుగూ చల్లగా ఉన్నాయి. కిందికి వంగి గేర్ పెట్టెకు ఆనించాను. చురుక్కుమంది. చెయ్యి లాగేసుకున్నాను.

తలుపు తీసి చూస్తే పెద్ద రాడ్డు న్యూట్రల్‌లో ఉంది. పొట్టి లివర్ నిమ్మకాయలు తొక్కించిన చోటే ఉంది. సాయంత్రం ఒకసారి పెట్టాను కదా అన్న ధీమాతో మళ్లీ చూసుకోలేదు. నూట పాతిక కిలోమీటర్లు చక్రాలు గేర్ పెట్టెను తిప్పుతూనే ఉన్నాయి. ఇంజన్ ఆగి ఉంటే లోపల నూనె పైకి ఎగజిమ్మదు. పొడిగా తిరిగి తిరిగి అరుగుతుంది.

పక్కనే, చెడిపోయిన బళ్లను మోసుకెళ్లే టో ట్రక్కులో ఒక సర్దార్జీ టీ తాగుతున్నాడు. దిగి వచ్చి చూశాడు. నాకు కొద్దిగా హిందీ వచ్చు. "అంకుల్ జీ, దీన్ని నా ట్రక్కు మీద ఎక్కించి ఇంటికి తీసుకుపొండి. వయసెంత?" అన్నాడు.

"అరవై తొమ్మిది."

"ఈ వయసులో ఇదంతా ఎందుకు?"

"నీ ట్రక్కు ఖాళీగా ఉందని నాకు వయసైపోవాలా?" అన్నాను. నేనెప్పుడూ అంత మాట అననివాణ్ని. అతను గట్టిగా నవ్వి, ఇంకో కప్పులో టీ పోసి నా చేతికిచ్చాడు.

ఈలోగా మంగమ్మ కూతురికి చెప్పేసింది. శ్రీకాంత్ ఫోన్ చేశాడు. "చెప్పానా లేదా మామయ్యా? అక్కడే ఉండండి, నేనొస్తా. ఈ ఏజ్‌లో ఇలాంటివి మర్చిపోతారు, మీ తప్పు కాదు."

"తప్పు నాదే. వయసుది కాదు. పాతికేళ్లప్పుడైనా ఆ తొందరలో ఇదే చేసేవాణ్ని. నువ్వు రావద్దు."

ఫోన్ పెట్టేశాను. మంగమ్మ నా ముఖం చూసి "నా నిమ్మకాయల వల్లేనంటారా?" అంది. "తొక్కించింది నేను, లివర్ మళ్లీ మార్చనిది నేను. నిమ్మకాయలేం చేశాయి?" అన్నాను.

గంటన్నర చల్లారనిచ్చాను. పెరుగన్నం ముందు పెట్టినా ముద్ద దిగలేదు. తర్వాత కిందికి దూరి, గేర్ పెట్టె పక్కనున్న బిరడా విప్పి, వేలు ముంచాను. మాడు వాసన లేదు. తెల్ల రుమాలు మీద పూసి ఎండలో పట్టుకున్నాను. ఇనుప రజను ఉంటే తళుక్కుమంటుంది. సర్దార్జీ కూడా వంగి చూశాడు. ఏమీ మెరవలేదు. అయినా నమ్మకం చాలక, పికప్ విడదీసి ఆ స్థలం చుట్టూ తోలాను. అన్ని గేర్లూ వేసి చూశాను. గరగర లేదు, కూత లేదు. తెచ్చుకున్న నూనె కొంచెం పోసి బిగించాను. ఈసారి పొట్టి లివర్ న్యూట్రల్‌లో పెట్టి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. కదలలేదు. "బస్, జావో అంకుల్ జీ" అని, ఇంక వెళ్లమన్నట్టు సర్దార్జీ చెయ్యి ఊపాడు.

మంగమ్మ ఊరుకోలేదు. మిగిలిన ఒక నిమ్మకాయకు దారం గుచ్చి, న్యూట్రల్‌లో ఉన్న పొట్టి లివరుకు ఒక కొస, సీటు కింద కడ్డీకి ఇంకో కొస బిగించి కట్టింది. "ఇప్పుడు తియ్యండి చూద్దాం. దీన్ని తెంపితే గానీ కదలదు" అంది. అంత తెలివి ఆ బండి చేసిన కంపెనీవాళ్లకు కూడా లేదు.

ఆ తర్వాత గంటకోసారి ఆగి చెయ్యి ఆనించి చూశాను. ప్రతిసారీ చల్లగానే ఉంది. ఏడు గంటలకు సడ్‌బరీ చేరాం. అక్కడిదాకా పెట్రోలుకు రెండు వందల డాలర్లు దాటింది. కరెంటు, నీళ్లు ఇచ్చే క్యాంపులో రాత్రికి యాభై. ఆ రాత్రి అన్నం తిన్నాను. తర్వాత వావా, థండర్ బే, కెనోరా, బ్రాండన్‌లలో ఒక్కో రాత్రి. వావా వైపు కొండ ఎత్తులు ఎక్కువ, అక్కడ తొందరపడకండి. ఆరో రోజు, గురువారం మధ్యాహ్నం, రెజైనాలో దారం తెంపాను. సోమవారం పికప్ ముప్పై క్యారియర్లతో కదిలింది. మొదటి తలుపు హారికదే. మూత తీసి, వాసన చూసి, "అంకుల్, పప్పుచారే!" అని గడపలోనే కూర్చుని తినేసింది.

తప్పు చేసినప్పుడు మనిషి వయసు చూపించి ఆపేవాళ్లు చాలామంది ఉంటారు. తప్పు చూపించేవాళ్లు తక్కువ. మీ తప్పు మీరే వెతుక్కోండి, దిద్దుకోండి, పొండి. ఒక్క సలహా: నిన్న పరీక్షించింది ఇవాళ్టికి లెక్కలోకి రాదు. బండి ఏ కారణంతో నాలుగడుగులు కదిలినా, కట్టిన తర్వాత పొట్టి లివర్ మళ్లీ చూసి, దాన్ని దారంతో కట్టెయ్యండి. మొదటి ఇరవై కిలోమీటర్లకే ఆగి చెయ్యి ఆనించండి.

ఇక్కడ ఇప్పుడే చలి మొదలైంది. మోటర్‌హోమ్ నీళ్ల గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు దయచేసి త్వరగా జవాబు రాయండి. చలికాలం బండిలో ఉండలేరు, వెనక్కి వెళ్లిపొండి అని రాయాలనుకునేవాళ్లు మాత్రం నిదానంగా రాసినా ఫరవాలేదు.